సౌండ్‌బార్ కొనడం, అమర్చుకోవడం: వెనక స్పీకర్లు నిజంగా పలికేదాకా

సినిమా చూస్తున్నప్పుడు మాటలు సరిగ్గా వినబడక సౌండ్ పెంచుతాం, ఇంతలో ఫైటో పాటో రాగానే చెవులు అదిరిపోయి గబగబా తగ్గిస్తాం, మళ్లీ మాటలు మొదలవగానే మళ్లీ పెంచుతాం. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు. చాలామందికి సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టుకునే పొడవాటి స్పీకర్, కొనాలన్న ఆలోచన మొదలయ్యేది ఇక్కడే, ఆ ఆలోచన సరైనదే, ఎందుకంటే లోపం మన చెవుల్లో లేదు, టీవీలో ఉంది. టీవీలు సన్నబడేకొద్దీ లోపల స్పీకర్లకి చోటు లేకుండా పోయింది, ఉన్న చిన్నవాటిలో కూడా ఎక్కువ శాతం మనవైపు కాకుండా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, దాంతో మాట బల్లకో గోడకో తగిలి తిరిగొచ్చాకే మన చెవిన పడుతుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో వెనక స్పీకర్లతో సహా 5.1 సౌండ్‌బార్ (ఈ అంకెల అర్థం కింద చెబుతాను) పెట్టిన కొత్తలో నాకు ఏదో వెలితిగా ఉండేది. సౌండ్ గట్టిగా వస్తోంది, బేస్ బాగుంది, కానీ సరౌండ్, అంటే శబ్దం మన చుట్టూ ఉన్నట్టు అనిపించడం, అన్నది ఎక్కడా తగలడం లేదు. వస్తువే ఇంతేమో అనుకుని నెల రోజులు సరిపెట్టుకున్నాను. ఒకరోజు రాత్రి పెన్‌డ్రైవ్‌లో 5.1 టెస్ట్ క్లిప్ పెట్టి సోఫా వెనక నిలబడి విన్నాను. క్లిప్‌లో గొంతు 'ఫ్రంట్ లెఫ్ట్' అంటే ముందు ఎడమవైపు నుంచి వచ్చింది, 'సెంటర్' అంటే మధ్యలోంచి వచ్చింది, 'రియర్ లెఫ్ట్' అన్నప్పుడు మాత్రం మళ్లీ ముందు ఎడమ నుంచే వచ్చింది. వెనక స్పీకర్ జాలీకి చెవి ఆనించి చూశాను. లైటు వెలుగుతోంది, లోపల చడీచప్పుడూ లేదు. గంటసేపు వెతికితే తేలింది, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర పీసీఎం అని ఉంది, అంటే టీవీ 5.1 సౌండ్ మొత్తాన్నీ రెండు చానెళ్లుగా కలిపేసి బార్‌కి పంపుతోంది. దాన్ని పాస్‌త్రూకి, అంటే సౌండ్‌ని కలపకుండా ఉన్నదున్నట్టు పంపే పద్ధతికి మార్చి అదే క్లిప్ మళ్లీ పెడితే 'రియర్ లెఫ్ట్' అన్న గొంతు నా మోచేతి పక్కనుంచి పలికింది.

ఇంత డబ్బు పెట్టి కొన్నవాళ్లలో ఎంతమంది ఇలా వెనక స్పీకర్లు మూగగా ఉన్నాయని తెలియకుండానే సంవత్సరాలు గడిపేస్తున్నారో అని నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఏది కొనాలో ఎంత వివరంగా చెబుతానో, తెచ్చాక ఏం చేయాలో కూడా అంతే వివరంగా చెబుతాను.

ఆ అంకెల సంగతి

పెట్టె మీద 2.1, 3.1, 5.1, 5.1.2 అని రాసి ఉంటుంది. మొదటి అంకె మన చెవుల ఎత్తులో వినబడే చానెళ్లు, రెండోది సబ్‌వూఫర్, అంటే బేస్ కోసం విడిగా వచ్చే స్పీకర్ పెట్టె, మూడోది ఉంటే అది పైనుంచి వినబడాల్సిన చానెళ్లు. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక సబ్‌వూఫర్. 3.1లో వీటికి మధ్యలో సెంటర్ చేరుతుంది. 5.1లో వెనక రెండు వస్తాయి. 5.1.2 అంటే పైకి తిరిగిన స్పీకర్లు మరో రెండు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది సెంటర్. 5.1 మిక్స్‌లో డైలాగులు చాలావరకు సెంటర్ చానెల్‌లోనే ఉంటాయి. బార్‌లో దానికి విడిగా స్పీకర్ ఉంటే సంగీతం, చప్పుళ్లు పక్క స్పీకర్లలోకి వెళ్లిపోయి మాట ఒక్కటే మధ్యలోంచి విడిగా వస్తుంది, పైగా సెంటర్ లెవెల్‌ని మాత్రమే పెంచుకునే వీలు కూడా చాలా బార్లలో ఉంటుంది. 2.1లో ఆ వీలు లేదు, మాట పెంచితే అన్నీ పెరుగుతాయి. మొదట్లో చెప్పిన రిమోట్ బాధే మీ బాధ అయితే 3.1 కంటే తక్కువకి పోవద్దు, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. మా అమ్మ సీరియల్ చూసేటప్పుడు ఇదివరకు ప్రతి రెండు నిమిషాలకీ 'ఏమన్నాడు?' అని అడిగేది, సెంటర్ లెవెల్ రెండు గీతలు పెంచాక ఆ ప్రశ్న ఆగిపోయింది.

అంకెలని గుడ్డిగా నమ్మడం కూడా మంచిది కాదు. పెట్టె మీద పెద్ద అంకె ఉండి, లోపల ఒక్క బార్ మాత్రమే ఉంటే ఆ వెనక చానెళ్లు సాఫ్ట్‌వేర్‌తో సృష్టించినవని అర్థం, దీన్నే వర్చువల్ సరౌండ్ అంటారు. పెట్టెలో ఏమేం వస్తాయో రాసిన జాబితా చదవండి, రియర్ స్పీకర్లు రెండు విడిగా ఉన్నాయా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది.

వెనక స్పీకర్లు ఉండాలా, వర్చువల్ సరిపోతుందా

మన మెదడు శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో ఎలా పసిగడుతుందంటే, రెండు చెవులకీ అది చేరే సమయంలో తేడా, గట్టిదనంలో తేడా, చెవి డొప్ప ఆకారం వల్ల శబ్దంలో వచ్చే మార్పు, ఈ మూడింటినీ చూసి. ఆ సమయం తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. వర్చువల్ సరౌండ్ చేసేది ఈ తేడాలని ముందున్న బార్ నుంచే కృత్రిమంగా పుట్టించడం, కొన్ని బార్లయితే పక్కకి తిరిగిన స్పీకర్లతో శబ్దాన్ని గోడలకి కొట్టి మనవైపు తిప్పుతాయి. గది చతురస్రంగా ఉండి, రెండువైపులా గట్టి గోడలుండి, మీరు సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఇది ఫర్వాలేదనిపిస్తుంది. ఒకవైపు గోడ లేకుండా హాలు తెరుచుకుని ఉంటే, లేదా ఒకవైపు మొత్తం మందపాటి కర్టెన్ ఉంటే శబ్దం తిరిగొచ్చేందుకు ఏమీ ఉండదు, ఆ పక్క సరౌండ్ మాయమైపోతుంది. పక్కనే కూర్చున్న మనిషికైతే ఇంకా తక్కువ.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సరౌండ్ కోసమే కొంటుంటే వెనక నిజమైన స్పీకర్లు ఉన్నదే కొనండి. వెనక పెట్టడానికి చోటు లేదా, అప్పుడు ఆ డబ్బుతో మంచి 3.1 కొనుక్కోండి, సెంటర్ బాగా పలికే బార్ పెద్ద అంకెలున్న ఒంటరి బార్ కంటే రోజూ ఎక్కువ ఉపయోగపడుతుంది.

వెనక స్పీకర్లు వైర్‌లెస్ అని రాసి ఉంటే బార్ నుంచి వాటికి వైరు అక్కర్లేదని మాత్రమే అర్థం. కరెంటు వైరు మాత్రం కావాలి. కొన్ని మోడళ్లలో ప్రతి స్పీకర్‌కీ ఒక ప్లగ్ ఉంటుంది, కొన్నింట్లో వెనక ఒక చిన్న రిసీవర్ డబ్బా పెట్టి దాన్నుంచి రెండు స్పీకర్లకీ వైర్లు లాగాలి, బ్యాటరీతో నడిచేవి కొన్ని ఉన్నాయి గానీ వాటిని చార్జింగ్ పెట్టుకుంటూ ఉండాలి. కొనేముందు సోఫా వెనక ప్లగ్ పాయింట్ ఎక్కడుందో ఒకసారి వంగి చూసుకోండి. ఇది చూసుకోకుండా కొని, తర్వాత ఎక్స్‌టెన్షన్ వైరు కాళ్లకి అడ్డం పడుతోందని వెనక స్పీకర్లని తీసి ముందే బార్ పక్కన పెట్టుకున్నవాళ్లని చూశాను.

ఇప్పుడు అట్మాస్. డాల్బీ అట్మాస్ 2012లో సినిమా హాళ్లలోకి వచ్చింది, తర్వాత ఇళ్లకి చేరింది. ఇందులో ఒక చప్పుడు ఏ స్పీకర్‌లో రావాలన్నది కాకుండా గదిలో ఏ చోట వినబడాలన్న సమాచారం కూడా ఉంటుంది, మన దగ్గరున్న స్పీకర్లని బట్టి సౌండ్‌బార్ దాన్ని పంచుతుంది. పైనుంచి వినబడాలంటే బార్ మీద పైకి తిరిగిన స్పీకర్లు ఉండాలి, వాటి శబ్దం సీలింగ్‌కి తగిలి మన మీదికి దిగాలి. సీలింగ్ చదునుగా, గట్టిగా, ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల మధ్య ఉంటే బాగా పనిచేస్తుంది. వాలుగా ఉన్నా, మరీ ఎత్తుగా ఉన్నా, శబ్దాన్ని పీల్చే పలకలు ఉన్నా ఆ డబ్బు వృథా. పైకి తిరిగిన స్పీకర్లు లేని బార్ మీద కూడా అట్మాస్ అని ముద్ర ఉండొచ్చు, అది అట్మాస్ సౌండ్‌ని చదవగలదు అంతే, ఎత్తు మాత్రం వర్చువలే.

వాట్స్ చూసి మోసపోవద్దు

పీఎంపీవో అని వేలల్లో రాసి ఉంటే దాన్ని పట్టించుకోకండి, అది కొలిచే పద్ధతికి ఒక కట్టుబాటంటూ లేదు. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల పవర్, అని ఉన్న అంకె చూడండి. దాన్ని కూడా తెలిసి చదవాలి. పవర్ రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, మన చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. కాబట్టి 300 వాట్స్ బార్‌కీ 400 వాట్స్ బార్‌కీ గట్టిదనంలో తేడా మీకు తెలియనే తెలియదు. మామూలు హాలుకి ఏ మంచి కంపెనీ 5.1 అయినా గట్టిదనంలో సరిపోతుంది.

షాపులో విన్నప్పుడు అన్నీ అద్భుతంగానే ఉంటాయి, ఎందుకంటే వాళ్లు పెట్టేది పేలుళ్లు ఉన్న డెమో వీడియో, పైగా ఫుల్ సౌండ్‌లో. మీరు అడగాల్సింది వేరు. ఒక వార్తా చానెలో, ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే సీనో పెట్టమనండి, సౌండ్ బాగా తగ్గించమనండి, రెండు మీటర్ల దూరంలో నిలబడి 'స', 'శ', 'ఫ' లాంటి అక్షరాలు విడివిడిగా తెలుస్తున్నాయా వినండి. మగ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు గుమ్మంటోందా గమనించండి. తక్కువ సౌండ్‌లో మాట స్పష్టంగా ఉన్న బార్ ఎక్కువ సౌండ్‌లోనూ బాగుంటుంది, దానికి రివర్స్ మాత్రం చాలాసార్లు నిజం కాదు.

బార్ ఎత్తు కూడా కొలుచుకుని వెళ్లండి. టీవీ కాళ్ల మీద నిలబడితే కింద ఎంత ఖాళీ ఉందో, బార్ పెడితే స్క్రీన్ అంచుకో రిమోట్ సెన్సర్‌కో అడ్డం వస్తుందో చూసుకోవాలి. ఇది టేపుతో ఒక నిమిషం పని.

తర్వాత తర్వాత వెనక స్పీకర్లు చేర్చుకుందాం అనుకునేవాళ్లు ముందే ఆ మోడల్‌కి ఏ రియర్ కిట్ పనిచేస్తుందో మోడల్ నంబర్‌తో సహా చూసి రాసి పెట్టుకోండి. ఒక కంపెనీ బార్‌కి ఇంకో కంపెనీ వైర్‌లెస్ రియర్లు మామూలుగా కలవవు, అదే కంపెనీలో కూడా అన్ని మోడళ్లకీ అన్నీ కలవవు.

వైరు దగ్గరే సగం కథ

టీవీ నుంచి సౌండ్‌బార్‌కి సౌండ్ వెళ్లే దారులు నాలుగు, వాటి మధ్య తేడా చాలా పెద్దది.

బ్లూటూత్ సినిమాలకి వద్దు. టీవీ నుంచి వెళ్లేది రెండు చానెళ్ల సౌండే, పైగా ఆలస్యం, పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. ఫోన్‌లో పాటలకి సరే.

ఆప్టికల్ వైరులో డాల్బీ డిజిటల్ 5.1 దాకా వస్తుంది, అట్మాస్ రాదు. పాత టీవీ అయి వేరే దారి లేకపోతే ఇది మంచిదే, సరౌండ్ నిజంగానే పలుకుతుంది.

హెచ్‌డీఎంఐ ఆర్క్ 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో మొదలైంది. మామూలుగా హెచ్‌డీఎంఐలో సౌండ్, బొమ్మ టీవీలోకి వస్తాయి, ఆర్క్ ఉన్న పోర్టులో సౌండ్ వెనక్కి, అంటే టీవీ నుంచి బార్‌కి కూడా వెళ్తుంది. ఓటీటీ యాప్‌లు ఇచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో ఉంటుంది కాబట్టి చాలా టీవీల్లో అది ఆర్క్‌లోంచే వెళ్లిపోతుంది. ఈ-ఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది, దీని దారి చాలా వెడల్పు, సెకనుకి 37 మెగాబిట్ల దాకా, కాబట్టి బ్లూ-రే డిస్క్‌లో ఉండే, నాణ్యత ఏమాత్రం తగ్గించని పెద్ద సౌండ్ కూడా పోతుంది. ఓటీటీ మాత్రమే చూసేవాళ్లకి ఆర్క్ ఉన్న టీవీతో పని జరిగిపోతుంది, దీనికోసం టీవీ మార్చాల్సిన అవసరం లేదు. డిస్క్‌లు, గేమ్ కన్సోల్ ఉన్నవాళ్లకి ఈ-ఆర్క్ కావాలి, అది టీవీలోనూ బార్‌లోనూ రెండు చోట్లా ఉండాలి.

ఇంకొక మంచి దారి ఉంది. బార్‌కి విడిగా హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే ప్లేయర్‌ని నేరుగా బార్‌కే పెట్టి, బార్ నుంచి టీవీకి బొమ్మ పంపవచ్చు. కొన్ని టీవీలు డీటీఎస్ అనే, డాల్బీ లాంటి ఇంకో రకం సౌండ్‌ని అసలు బయటికి పంపవు, ఫైల్ ప్లే అవుతుంది, బొమ్మ వస్తుంది, సౌండ్ మాత్రం ఉండదు. అలాంటప్పుడు ఈ దారే దిక్కు. గేమ్స్ ఆడేవాళ్లు మాత్రం ఆ బార్ 4కే 120 హెర్ట్జ్‌ని దాటిస్తుందో లేదో చూసుకోవాలి, చాలా బార్లు 60 దగ్గరే ఆగిపోతాయి.

ఎక్కడ ఏది పెట్టాలి

బార్‌ని టీవీ కింద మధ్యలో, బల్ల ముందు అంచుదాకా జరిపి పెట్టండి. లోపలికి నెట్టి పెడితే బల్ల పైభాగానికి శబ్దం తగిలి మాట మసకబారుతుంది. అరలో దూర్చడం అన్నిటికంటే పెద్ద తప్పు, పైకి తిరిగిన స్పీకర్లు ఉంటే మరీనూ, అవి పై అర చెక్కకి కొట్టుకుంటూ ఉంటాయి.

వెనక స్పీకర్లని చాలామంది గది వెనక గోడ మూలల్లో పెడతారు. 5.1లో వాటి చోటు సరిగ్గా వెనక కాదు, పక్కన కొంచెం వెనక్కి. మీరు టీవీ వైపు చూస్తూ కూర్చుంటే నేరుగా ముందు సున్నా డిగ్రీలు అనుకోండి, వెనక స్పీకర్లు రెండువైపులా 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఉండాలి. తేలిగ్గా చెప్పాలంటే చేతులు రెండూ పక్కలకి చాచి, కొంచెం వెనక్కి వంచండి, చేతులు చూపించే చోటే వాటి చోటు. ఎత్తు చెవికంటే అడుగో అడుగున్నరో పైన ఉంటే బాగుంటుంది, సోఫా వీపు అడ్డం రాకూడదు. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటే, గోడ మీద కొంచెం ఎత్తులో రెండు పక్కలా బిగించి, ముఖాలు మీ మీదికి కాకుండా ఒకదానికొకటి చూసుకునేట్టు తిప్పండి. చెవికి మరీ దగ్గరున్న స్పీకర్ నేరుగా చెవిలోకి పలికితే సినిమా మొత్తం ఆ స్పీకరే వినబడుతుంది. ఎడమ, కుడి గుర్తులు స్పీకర్ అడుగున ఉంటాయి, ఎడమ అంటే మీరు కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు మీ ఎడమ. ఇవి తారుమారైతే తెరమీద కుడికి పోయిన కారు చప్పుడు ఎడమవైపు తేలుతుంది.

సబ్‌వూఫర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బార్ కంటే గదితో ఎక్కువ సంబంధం ఉన్నది దీనికే. బాగా లోతైన శబ్దం, 80 హెర్ట్జ్ కంటే కింద ఉన్నది, ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పట్టలేదు, అందుకే సబ్‌వూఫర్‌ని ఎక్కడైనా పెట్టుకోవచ్చంటారు. సౌండ్‌బార్ల విషయంలో ఇది పూర్తిగా కుదరదు. బార్‌లో స్పీకర్లు చిన్నవి కాబట్టి చాలా మోడళ్లలో అంతకంటే పైన ఉన్న శబ్దాన్ని కూడా కొంత సబ్‌వూఫర్‌కే అప్పగిస్తారు, అందులో మగ గొంతు అడుగుభాగం కూడా ఉంటుంది. దాన్ని సోఫా వెనక పెడితే మనిషి ముందు మాట్లాడుతుంటే గొంతులో బరువు వెనకనుంచి వస్తుంది. కాబట్టి ముందువైపే, బార్‌కి రెండు మూడు అడుగుల దూరంలో మొదలుపెట్టండి. మూలలో పెడితే బేస్ పెరుగుతుంది, అయితే చాలాసార్లు గుయ్యిమని మోగుతుంది.

సరైన చోటు వెతకడానికి పాత పద్ధతి ఒకటి ఉంది, బాగా పనిచేస్తుంది. సబ్‌వూఫర్‌ని తెచ్చి మీరు రోజూ కూర్చునే చోట, సోఫా మీదే పెట్టండి. బేస్ గిటార్ ఒకే తీరుగా సాగే పాటేదైనా పెట్టి, ముందు గోడ వెంబడి నేల మీద వంగి, చెవిని సబ్‌వూఫర్ ఎత్తులో ఉంచి నెమ్మదిగా జరుగుతూ వినండి. ఒకచోట గుమ్మంటుంది, రెండడుగులు జరిగితే బేస్ దాదాపు మాయమవుతుంది, ఇంకొంచెం జరిగితే ప్రతి స్వరమూ సమానంగా, బిగువుగా వినబడే చోటు దొరుకుతుంది. సబ్‌వూఫర్‌ని అక్కడ పెట్టండి. మొదటిసారి చేసినప్పుడు ఒకే గదిలో రెండడుగులకి ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

కలపడం, సెట్టింగ్స్

అన్నీ ఆఫ్ చేసి మొదలుపెట్టండి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు నాలుగు ఉంటాయి, వాటిలో ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని రాసి ఉన్నది ఒక్కటే ఉంటుంది, వైరు దానికే పెట్టాలి. బార్ వెనక కూడా అదే, టీవీ అవుట్ లేదా ఆర్క్ అని ఉన్నదానికి. బార్‌తో వచ్చిన వైరు వాడండి, విడిగా కొంటే హై స్పీడ్ విత్ ఈథర్‌నెట్ అని ఉన్నదైనా చాలు, బంగారు పూత వగైరాలకి అదనంగా ఏమీ పెట్టక్కర్లేదు.

టీవీ ఆన్ చేశాక సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయండి. పేరు కంపెనీకొకటి ఉంటుంది, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది ఆన్ అయితేనే టీవీ రిమోట్‌తో బార్ సౌండ్ పెరగడం, టీవీ ఆఫ్ చేస్తే బార్ కూడా ఆఫ్ కావడం జరుగుతుంది. తర్వాత సౌండ్ అవుట్‌పుట్‌ని టీవీ స్పీకర్ నుంచి హెచ్‌డీఎంఐ ఆర్క్‌కి మార్చండి. ఆ పక్కనే డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అని ఉంటుంది, నా నెల రోజులు తినేసింది అదే, అక్కడ పీసీఎం ఉంటే తీసేసి పాస్‌త్రూ, బిట్‌స్ట్రీమ్, ఆటో, వీటిలో ఏది ఉంటే అది పెట్టండి, పాస్‌త్రూ ఉంటే మొదట అదే. ఈ-ఆర్క్ మోడ్ విడిగా ఉంటే అది కూడా ఆన్ లేదా ఆటో. సెట్‌టాప్ బాక్స్, స్ట్రీమింగ్ స్టిక్ వాడుతుంటే వాటి సెట్టింగ్స్‌లో కూడా ఇదే గొడవ విడిగా ఉంటుంది, వాటిలోనూ స్టీరియో ఉంటే డాల్బీకి మార్చాలి.

ఇప్పుడు పరీక్ష. బార్ మీద డిస్‌ప్లే ఉంటే డాల్బీ అనో అట్మాస్ అనో వస్తుందో లేదో చూడండి. తర్వాత 5.1 టెస్ట్ క్లిప్ పెట్టండి. ఆన్‌లైన్‌లో 5.1 అని పేరు పెట్టిన వీడియోలు చాలావరకు స్టీరియోనే, వాటితో పరీక్షిస్తే అన్నీ సరిగ్గా ఉన్నా వెనక స్పీకర్లు పలకవు, అనవసరంగా టెన్షన్ పడతారు. పెన్‌డ్రైవ్‌లో నిజమైన డాల్బీ ఫైల్ వేసుకోండి, లేదా ఓటీటీలో 5.1 అని గుర్తున్న సినిమా పెట్టండి. పరీక్ష చేసేటప్పుడు బార్ స్టాండర్డ్ మోడ్‌లో ఉండాలి, సరౌండ్ మోడ్ ఆన్‌లో ఉంటే రెండు చానెళ్ల సౌండ్‌ని కూడా వెనక స్పీకర్లకి పంచేస్తుంది, అసలు ఏం వస్తోందో తెలియదు.

అంతా పలుకుతోందని తేలాక లెవెల్స్. బార్‌కి ఆటో కాలిబ్రేషన్ (గదిని బట్టి తనంతట తానే లెవెల్స్ సరిచేసుకోవడం) ఉంటే ఇంట్లో ఫ్యాన్, ఏసీ ఆపేసి, అందరినీ కాసేపు మాట్లాడకుండా ఉండమని చేయించండి. లేకపోతే చేత్తోనే. కొన్ని బార్లు ప్రతి స్పీకర్‌కీ దూరం అడుగుతాయి, టేపుతో కొలిచి ఇవ్వండి, ఎందుకంటే శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు అడుగు దూరం వెళ్తుంది, దగ్గరున్న స్పీకర్‌ని ఆ మేరకు ఆలస్యం చేస్తేనే అన్నీ ఒకేసారి చెవికి చేరతాయి. వెనక స్పీకర్లు కొత్తలో బాగా వినబడాలని అందరూ పెంచేస్తారు. అలా పెట్టకండి. వాన, జనం గోల, గది ప్రతిధ్వని లాంటివి మన చుట్టూ ఉన్నట్టు అనిపించాలి గానీ ధ్యాస వెనక్కి లాగకూడదు. సబ్‌వూఫర్‌ని వార్తలు చూస్తూ సరిచేయండి, వార్తలు చదివే మగ గొంతు గుమ్మంటుంటే ఎక్కువైనట్టే, తగ్గించండి.

రాత్రిపూట నైట్ మోడ్ వాడండి. అది గట్టి చప్పుళ్లని తగ్గించి మెల్లని మాటలని పైకి తెస్తుంది, పిల్లలు పడుకున్నాక ఇదే దారి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు పలక వేయండి, నేలలోకి వెళ్లే అదురు కొంత తగ్గుతుంది.

ఏదైనా తేడా వస్తే

మాట పెదాలకి కలవకపోతే టీవీలోనో బార్‌లోనో లిప్ సింక్ లేదా ఆడియో డిలే అని ఉంటుంది. మాట ముందొస్తుంటే దాన్ని పెంచాలి. మాటే వెనకబడుతుంటే ముందు సున్నా చేసి, టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉంటే తీసి చూడండి, గేమ్ మోడ్‌లో బొమ్మ త్వరగా వచ్చేస్తుంది కాబట్టి సౌండ్ వెనకబడ్డట్టు కనిపిస్తుంది.

వెనక స్పీకర్లు మధ్యమధ్యలో చిటపటమంటున్నా, ఆగి ఆగి వస్తున్నా వైఫై రౌటర్ బార్ పక్కనే ఉందేమో చూడండి. రెండు మూడు అడుగులు దూరం జరిపితే చాలాసార్లు ఆగిపోతుంది. టీవీ ఆన్ చేసినా బార్‌లో సౌండ్ రాకపోతే టీవీ, బార్ రెండింటి ప్లగ్గులూ పీకి, ఐదు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత బార్ పెట్టండి. రిమోట్‌లో ఆఫ్ చేయడం వేరు, ప్లగ్ పీకడం వేరు, హెచ్‌డీఎంఐ వైరు మీద టీవీ, బార్ ఒకదాన్నొకటి మళ్లీ మొదట్నుంచి గుర్తుపట్టాలంటే ప్లగ్ పీకాల్సిందే.

ఇంకొక్కటి. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు ఆడియో సెట్టింగ్స్ అప్పుడప్పుడు మొదటికి వచ్చేస్తాయి, పీసీఎం మళ్లీ చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. అన్నీ సరిగ్గా పలికిన రోజే టీవీ ఆడియో పేజీని, బార్ లెవెల్స్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ టెస్ట్ క్లిప్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని టీవీకి అలాగే ఉంచేయండి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒక్క నిమిషం పెట్టి 'రియర్ లెఫ్ట్' అన్న గొంతు ఎటునుంచి వస్తోందో వినండి.